ఆడవాళ్ళ తలుపు

మా ఊరి బస్టాండులో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి బిగించిన తలుపు నేను సరఫరా చేసిందే. ఆ తలుపు మీద నాకు కోపం లేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే. ముప్ఫై ఏళ్ళుగా కుళాయిలు, కమోడ్లు, టైల్సు అమ్ముతున్నవాణ్ణి. ఫిర్యాదు వస్తే సరుకు తప్పా, బిగించినవాడి తప్పా, వాడినవాడి తప్పా అని తేల్చందే నాకు నిద్ర పట్టదు. ఈ వ్యవహారంలో కూడా తప్పు ఎవరిదో తేలింది.

ఆ ఏడాది రాష్ట్రంలో ఒక చట్టం వచ్చింది. దాని అసలు పేరు రెండు వరుసలు ఉంటుంది కాబట్టి జనం తలుపుల చట్టం అన్నారు. ఆడవాళ్ళకని విడిగా కట్టిన ప్రతి చోటికీ, అంటే మరుగుదొడ్లు, హాస్టళ్ళు, ఆస్పత్రి వార్డులు, పొదుపు సంఘాల భవనాలకు, మనిషిని గుర్తుపట్టే తలుపు ఉండాలి. ఆడది అంటే ఎవరో కూడా చట్టంలోనే రాశారు: ‘శరీరంలో మగ కణం లేని వ్యక్తి.’ ఈ ఒక్క వాక్యం మీద శాసనసభలో చర్చ కూడా జరగలేదని పేపర్లో చదివాను. నాకు మాత్రం జిల్లాలో ఎన్ని తలుపులు పడతాయో అప్పుడే మనసులో లెక్క పడింది.

డీలర్లందరినీ శిక్షణకు హైదరాబాదు పిలిచారు. ఆ తలుపు పిడిని కనిపెట్టిన డాక్టర్ నీలవేణి మాకు దాన్ని చూపించింది. నున్నటి స్టీలు పిడి. పట్టుకుంటే చేతికి ఏమీ తెలియదు గాని, దాని ఒంటినిండా వెంట్రుకకన్నా సన్నని ముళ్ళు ఉన్నాయట. దోమ తాగే రక్తంలో వందో వంతు తీసుకుని, పదిలక్షల కణాల్లో ఒక్కటి మగది ఉన్నా పట్టేస్తుంది. మేము వరసగా పట్టుకున్నాం. అందరికీ ఎర్ర దీపం. టీ తెచ్చినామె పట్టుకుంటే పచ్చ దీపం. చప్పట్లు కొట్టాం. అప్పుడు డాక్టరమ్మే వచ్చి పిడి పట్టుకుంది. ఎర్రగా వెలిగింది.

మా చప్పట్లు ఆగిపోయాయి. ఆమె పక్కనున్న అధికారి వైపు తిరిగి, తనకొక కొడుకు ఉన్నాడని, కడుపులో ఉన్నప్పుడు బిడ్డ కణాలు కొన్ని తల్లిలోకి వచ్చి ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోతాయని, అందుకని పిడి పదును తగ్గించమని మూడు ఉత్తరాలు రాశానని చెప్పింది. చట్టంలో ఒక్క కణం అని ఉంది మేడమ్, ఒక్క కణమే పట్టాలి అన్నాడు అధికారి. మీలాంటివాళ్ళకు మినహాయింపు ఇస్తాంలెండి అని నవ్వాడు కూడా. నేనూ నవ్వాను. సరుకు మరీ పదునుగా ఉందని కొనేవాడు ఫిర్యాదు చేయనంత వరకు అమ్మేవాడికి బాధ లేదు.

మా బస్టాండులో తలుపు బిగించిన రోజు పొద్దున్నే మొదట ఎరుపు వెలిగింది రూతమ్మకు. ఆడవాళ్ళ వైపు కాపలా, కడుగుడు అంతా ఆమెదే. ముగ్గురు కొడుకుల తల్లి. తన చీపురు లోపల ఉండిపోయింది, తాను బయట ఉండిపోయింది. మధ్యాహ్నానికి సగం మంది ఆడవాళ్ళు బయటే నిలబడి ఉన్నారు. వారం తిరక్కుండా ప్రభుత్వం ఒక సవరణ తెచ్చింది. కొడుకు పుట్టిన సర్టిఫికెట్టు చూపించిన ఆడవాళ్ళకు తల్లి కార్డు ఇస్తారు, ఎరుపు వెలిగినా కార్డు చూపించి లోపలికి పోవచ్చు. దాంతో గొడవ చల్లారింది.

చల్లారనిది చాందినికి. ఆమె మా బస్టాండులో పదేళ్ళుగా పిన్నులు, రబ్బరు బ్యాండ్లు అమ్మేది. పుట్టడం మగవాడిగా పుట్టింది. అన్నేళ్ళూ రూతమ్మ ఆమెను ఆడవాళ్ళ వైపే పోనిచ్చింది, ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు తలుపు పోనివ్వదు. ఒకరోజు మగవాళ్ళ వైపు వెళ్ళి చిరిగిన జాకెట్టుతో బయటికి వచ్చింది. ఆ తర్వాత టైర్ల గోడౌను వెనక్కి పోవడం మొదలుపెట్టింది, కొన్నాళ్ళకు ఊళ్ళోనే కనపడలేదు. చట్టం చేసిందే అలాంటివాళ్ళను ఆపడానికి, మనకేమిటి అనుకున్నాను నేను.

తర్వాత జరిగింది మాత్రం ఏ అధికారీ ఊహించి ఉండడు. ఎర్ర దీపం పరువైపోయింది. కొడుకుల తల్లులు కావాలని పిడి పట్టుకుని, దీపం వెలిగాక చుట్టూ చూసి, తీరిగ్గా కార్డు తీసేవారు. అది చూసి అత్తలకు ఒక ఆలోచన తట్టింది. నాలుగో నెల కడుపుతో ఉన్న కోడళ్ళను, ఏ బస్సూ ఎక్కే పని లేకపోయినా, బస్టాండుకు తీసుకురావడం మొదలైంది. కోడలు పిడి పట్టుకునేది. ఎరుపు వెలిగితే అత్త అక్కడే కొబ్బరికాయ కొట్టేది. పచ్చ వెలిగితే ఇద్దరూ మాట్లాడకుండా వెళ్ళిపోయేవారు. కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడం జైలుకు పంపే నేరం. ఆ నేరం ఇప్పుడు ప్రభుత్వ తలుపే, ఉచితంగా, పట్టపగలు చేస్తోంది.

ఒకనాడు రూతమ్మ నన్ను ఆపింది. “కేశవులన్నా, పచ్చ ఎలిగిన పిల్లలు మళ్ళీ కడుపుతో కనపడటంలా. నేను మొహాలు గుర్తుపెట్టుకుంటన్నా.”

మన పని తలుపు పనిచేస్తుందో లేదో చూడటం వరకే అని చెప్పి వచ్చేశాను.

మాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది మేఘన, గుంటూరులో కాపురం. అప్పటికి ఎనిమిదో నెల. చిన్నది హారిక, విశాఖలో చదువుతోంది. మేఘనకు రక్తపోటు ఉందని, గుంటూరులోనే పెద్దాస్పత్రిలో కాన్పు అని రాసిపెట్టారు. కాన్పుల వార్డుకూ ఆ తలుపే. పక్కన ఒక్క ఆడమనిషిని ఉండనిస్తారు. దాని అత్తగారు పోయి రెండేళ్ళయింది. కాబట్టి ఉండవలసింది మా ఆవిడ మల్లేశ్వరే. మేఘన కూడా, పక్కన అమ్మ ఉంటేనే నొప్పులకు భయపడనని రోజూ ఫోనులో చెప్పేది.

ఆ రోజు మల్లేశ్వరి కూతురి దగ్గరికి బయలుదేరింది. చేతిలో సున్నుండల డబ్బా. బస్సు ఆలస్యమైంది. నేను అక్కడే తలుపు కీలు ఒకటి వదులైందంటే చూస్తున్నాను. ఆమె వచ్చి డబ్బా నా చేతికిచ్చి పిడి పట్టుకుంది. మా ఇల్లు బస్టాండు వెనకే కాబట్టి అన్ని నెలల్లో ఆమెకు దాన్ని పట్టుకునే అవసరం ఎప్పుడూ రాలేదు.

ఎర్రగా వెలిగింది.

కీలు విప్పానుగదా, తీగ కదిలి ఉంటుందనుకున్నాను. రూతమ్మ చెంబుతో నీళ్ళు పోసి చెయ్యి కడిగించింది. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ ఎరుపు. మధ్యలో ఒక కాలేజీ పిల్ల పట్టుకుంటే పచ్చ వెలిగింది. తలుపు బాగానే ఉంది. వరసలో వెనకనున్న గాజుల కొట్టు సామ్రాజ్యం నవ్వుతూ అంది.

“మల్లేశ్వరక్కా, నీకు కొడుకెప్పుడు పుట్టాడే? మాకు మిఠాయన్నా పెట్టలా.”

వరసంతా నవ్వింది. మల్లేశ్వరి నవ్వలేదు. అరచెయ్యి తిప్పి చూసుకుంది. తర్వాత నా వైపు చూసింది. ఎందుకు చూసిందో అప్పుడు నాకు అర్థం కాలేదు. మూడోసారి పట్టుకోమన్నది నేనే. మూడోసారి కూడా ఎరుపు వెలిగేసరికి, నిబంధన ప్రకారం, తలుపు పక్కనున్న పెట్టెలోంచి నోటీసు అచ్చై బయటికొచ్చింది. నవ్వులు అప్పుడు ఆగాయి. ఒక్కొక్కరే జరిగి ఆమె చుట్టూ ఖాళీ చేశారు. వాళ్ళంతా ఆమె అధ్యక్షురాలిగా ఉన్న పొదుపు సంఘం ఆడవాళ్ళే.

ముప్ఫై రోజుల్లో ఆ మగ కణం ఎక్కడిదో పరిశీలన సంఘం ముందు రుజువు చేయాలి. లేకపోతే పేరు స్త్రీల జాబితాలోంచి తీసేస్తారు. అప్పటిదాకా కూడా ఆడవాళ్ళ తలుపులేవీ తెరుచుకోవు. మేఘన కాన్పుకు డాక్టర్లు ఇచ్చిన తేదీ ఇరవై ఎనిమిదో రోజు.

ఇంటికొచ్చి నోటీసు వెనకవైపు చదివాను. మగ కణం రావడానికి దారులు అక్కడ వరసగా రాశారు. కొడుకు. కడుపులోనే పోయిన మగబిడ్డ. తల్లి కడుపులో తనకంటే ముందు పెరిగిన అన్న. కవల. ఎక్కించిన రక్తం. మల్లేశ్వరి వాళ్ళింట్లో తొలిచూలు, కాబట్టి అన్న లేడు. కవల సంగతి ఎవరూ ఎరగరు. ఆమెకు ఎప్పుడూ రక్తం ఎక్కించలేదు. మాకు ఇద్దరూ ఆడపిల్లలే. హారిక తర్వాత ఒకసారి నిలిచింది, నాలుగో నెలలో తీయించాం. అదీ ఆడపిల్లే. ఆడపిల్ల అని తెలిసే తీయించాం. ఊళ్ళో మాత్రం జారిపోయిందని చెప్పుకున్నాం. బిందె ఎత్తింది, అందుకే జారింది అని మా అమ్మ వీధంతా చెప్పింది. ఈ లెక్కలో ఎటు కూడినా మగవాడికి చోటు లేదు.

లెక్క కుదరకపోతే వ్యాపారి ముందు అవతలివాణ్ణి అనుమానిస్తాడు. నేను నా భార్యను అనుమానించాను. ఇరవై ఏడేళ్ళ కాపురం. పెళ్ళికి ముందు ఆమె నరసరావుపేటలో మేనమామ ఇంట్లో ఉండి రెండేళ్ళు చదివింది. ఆ రెండేళ్ళ మీదికి పోయింది నా మనసు. రెండు రోజులు నోరు మెదపకుండా ఉండి మూడో రోజు అన్నం దగ్గర అడిగేశాను. నాకంటే ముందు ఏదన్నా జరిగిందా, జరిగితే చెప్పు, నేనేమీ అనను, కాగితం మీద ఏదో ఒకటి రాసుకుందాం అన్నాను.

ఆమె గరిటె గిన్నెలో పెట్టింది. “పరీక్ష చేయించుకో. నా నెత్తురూ తీసుకో, నీదీ ఇయ్యి.”



పిడి చేసిన ప్రయోగశాలలోనే ఇంకా లోతైన పరీక్ష ఉంది. మగ కణాన్ని విడిగా పట్టి, దాని తల్లి ఎవరో, తండ్రి ఎవరో తేలుస్తారు. ఆ పరీక్ష ఫలితం నేరుగా పరిశీలన సంఘానికి కూడా పోతుంది. ఆ సంగతి తెలిసే చేయించాను. ఇద్దరం రక్తం ఇచ్చాం. నాకు సూది గుచ్చినప్పుడు ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

పది రోజుల తర్వాత హైదరాబాదు రమ్మన్నారు. డాక్టర్ నీలవేణి నన్ను గుర్తుపట్టింది. తన గదిలో కూర్చోబెట్టి, కాగితం మల్లేశ్వరి ముందు పెట్టింది, నా ముందు కాదు.

“ఒకే మగబిడ్డ కణాలమ్మా. తల్లివి నువ్వే.” తర్వాత నా వైపు తిరిగింది. “తండ్రి మీరు.”

నేను యంత్రంలో పొరపాటు ఉంటుందన్నాను. రెండుసార్లు చేశామంది. మాకు మగబిడ్డే లేడన్నాను. మీకు పుట్టలేదేమో గాని ఉన్నాడు, నాలుగు నెలలన్నా ఈమెలో పెరిగాడు అంది. మేము తీయించింది కూడా నాలుగో నెలలోనే.

మా నాన్న ఎడ్ల దళారి. సంతలో బేరం నోటితో జరగదు. తువ్వాలు కింద ఇద్దరి చేతులు కలుస్తాయి, వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పైకి వాళ్ళు వానల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. పైమాట ఎప్పుడూ నమ్మకూడదురా, కింద వేలు ఏం చెబుతుందో చూడు అని నాకు నేర్పాడు. ఆ విద్యే నాకు అన్నం పెట్టిందని గర్వపడేవాణ్ణి.

పంతొమ్మిదేళ్ళ కిందట స్కానింగు దగ్గర కూడా అలాంటి బేరమే నడిచేది. బిడ్డ ఏదో నోటితో చెబితే జైలు. కాబట్టి సోమవారం రండి అంటే కొడుకనీ, శుక్రవారం రండి అంటే లక్ష్మి అనీ అర్థం. మల్లేశ్వరిని తీసుకెళ్ళినప్పుడు స్కానింగు చేసినాయన చేతులు తుడుచుకుంటూ, రిపోర్టు శుక్రవారం తీసుకోండి అన్నాడు. నేను ఆయన కళ్ళలోకి చూసి తల ఊపాను. ఆయనా ఊపాడు. బేరం అర్థమైందనుకున్నాను. శుక్రవారం దాకా ఆగే పనేముంది అనుకుని ఆ బుధవారమే ఇంకో ఊరు తీసుకెళ్ళి తీయించాను. రిపోర్టు తెచ్చుకోనే లేదు.

ఆయన నిజంగానే శుక్రవారం రిపోర్టు ఇస్తానన్నాడు. తువ్వాలు కింద చెయ్యే లేదు. లేని వేలు నేను పట్టుకున్నాను.

 ఈలోపు మల్లేశ్వరి డాక్టరును అడుగుతోంది.

“మరి ఆడపిల్లలయ్యి ఉండవా అమ్మా, తల్లిలో?”

“ఎందుకుండవు, వాళ్ళవీ ఉంటాయి. కానీ ఈ పిడికి మగదాన్ని వెతకడమే నేర్పాం. చట్టం అడిగింది అదొక్కటే.” ఆ పిడి చేసింది నేనేనమ్మా అంది డాక్టరు. అది క్షమాపణలా చెప్పిందో, లెక్క ఒప్పజెప్పినట్టు చెప్పిందో నాకు తెలియలేదు.

తిరుగు దారిలో సూర్యాపేట దాటాక ఒక హోటలు దగ్గర బస్సు ఆపారు. భోజనాలు చెప్పాను గాని ముద్ద దిగలేదు. కొడుకు, నా కొడుకు, బతికుంటే పద్దెనిమిదేళ్ళవాడు, కొట్టులో నా పక్కన కూర్చునేవాడు అని అదే తిరుగుతోంది తలలో. కళ్ళు తుడుచుకున్నాను. మల్లేశ్వరి మజ్జిగ కలుపుకుంటూ నన్ను చూసింది.

“ఆడపిల్లని అనుకున్న ఇన్నేళ్ళూ ఒక్క పూట కూడా అన్నం మానలేదు నువ్వు. ఇయ్యాలేందయ్యా?”

ఆమె తినేసి చెయ్యి కడుక్కుని వెళ్ళి బస్సులో కూర్చుంది.

తర్వాతి పన్నెండు రోజులు మా ఇంట్లో మాట లేదు. పొదుపు సంఘం వాళ్ళు ఆమె సంతకం లేకుండానే సమావేశం పెట్టుకున్నారు. మేఘన ఫోను చేసి, ఎప్పుడొస్తావమ్మా అని అడుగుతుంటే, వస్తా వస్తా అనేది. కూతురికి అసలు విషయం చెప్పలేదు. నేను మాత్రం దారి కనిపెట్టాను. నోటీసులోనే ఉంది దారి. కడుపులోనే పోయిన మగబిడ్డ. జారిపోయింది అని ఒక్క మాట రాస్తే సరి. తండ్రి నేనేనని పరీక్ష తేల్చింది, ఊరంతా జారిపోయిందనే ఎరుగుదురు. ఎవరికీ నష్టం లేదు. పరిశీలన సంఘం ముందుకు రమ్మని మాకు ఇచ్చిన తేదీ ఇరవై ఆరో రోజు, గుంటూరులోనే.

ఆ పొద్దున మేము బస్సు దిగేసరికి అల్లుడు ఫోను చేశాడు. మేఘనకు రెండు రోజులు ముందే నొప్పులు మొదలయ్యాయి, వార్డులోకి తీసుకెళ్ళారు, అత్తయ్యగారిని రమ్మనండి అన్నాడు. అతన్నీ లోపలికి రానివ్వలేదట. వెనకాల మేఘన కేక వినపడింది. మల్లేశ్వరి నా చేతిలోంచి ఫోను లాక్కుని, వస్తన్నానమ్మా, ఈడనే ఉన్నా అంది.

సంఘం గదిలో రిటైరైన లేడీ డాక్టరు ఒకామె అధ్యక్ష స్థానంలో ఉంది. పక్కన గుమాస్తా. ప్రయోగశాల కాగితం అప్పటికే వాళ్ళ ముందుంది. ఇంకో కాగితం మా ముందు పెట్టారు. మొత్తం ఎన్ని గర్భాలు, ఒక్కొక్కటి ఏమైంది, ఆడా మగా, రుజువు ఏమిటి అని గడులు. భర్త నింపాలి, ఇద్దరూ సంతకం చేయాలి. గుమాస్తా మంచివాడు. మా తొందర చూసి, ఏముందండీ, జారిపోయింది అని రాసేయండి, అయిదు నిమిషాల్లో ఉత్తర్వు చేతికిస్తాను అన్నాడు.

మొత్తం గర్భాలు అన్నచోట మూడు అని రాశాను. మూడోదాని ఎదురుగా ‘జారి’ దాకా రాశాను. మల్లేశ్వరి కాగితం మీద చెయ్యి పెట్టింది.

“అది రాస్తే నేను సంతకం పెట్టను.”

మేఘన అక్కడ ఒక్కతే ఉందన్నాను. ఇంకొక్క మాటలో అయిపోతుందన్నాను. గుమాస్తా కూడా నచ్చజెప్పబోయాడు. ఆమె గొంతు పెంచలేదు.

“నా కూతురు కేకలేస్తంటే నాకు ఇనపట్లేదా? జారిపోయిందంటే నా ఒంట్లోంచి నేను జారవిడిచినట్టు. బిందె ఎత్తినందుకని మీ అమ్మ ఈధంతా చెప్పింది. పంతొమ్మిదేళ్ళు మోశా ఆ బిందె. ఇంక మొయ్యను.”

అధ్యక్షురాలు కళ్ళద్దాలు తీసి నా వైపు చూసింది. నిజం ఇంకేదైనా ఉంటే, అది రాసినా ఈమెకు ఉత్తర్వు ఇస్తాను, కానీ ఆ కాగితం పోలీసులకు పోతుంది, ఆపడం నా చేతిలో లేదు అని చెప్పింది. నా జీవితంలో ఏ బేరమూ ఇంత తేటగా ఎవరూ నా ముందు పెట్టలేదు. ఒకవైపు కొట్టు, పరువు, నేను. రెండోవైపు నొప్పులు పడుతున్న కూతురి పక్కన తల్లి. ఫోను మళ్ళీ మోగింది. నేను ‘జారి’ కొట్టేసి రాశాను: ‘తీయించాను. ఆడపిల్ల అనుకుని.’

 రాశాక ఏదో దించుకున్నట్టయింది. ఇంత నష్టానికి ఒప్పుకున్నవాణ్ణి గదా అని నా మీద నాకే కొంచెం గౌరవం కూడా పుట్టింది. సంతకం చేసి కాగితం మల్లేశ్వరి వైపు జరిపాను.

ఆమె కలం తీసుకోలేదు. వేలు పెట్టి మూడు అన్న అంకె చూపించింది.

“ఇది నాలుగు.”

అర్థం కాలేదు. మేఘన, హారిక, వాడు. మూడు అన్నాను.

“మేఘనకీ హారికకీ మజ్జెన. నువ్వు టైల్సుకని గుజరాత్ పోయుండావు. మీ అమ్మ తీసకపోయింది. సూయించి ఆడపిల్లంట అని నీకు ఫోను చేసింది. సరే అన్నావు.”

 నేను మోర్బీలో టైల్సు ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి ఫోను మాట్లాడటం, లారీ లోడు అవుతుండటం, సరే అమ్మా మీ ఇష్టం అనడం, ఫోను పెట్టేసి పగిలిన పెట్టెలు ఎన్నో చూసుకోవడం, అన్నీ కళ్ళముందుకొచ్చాయి. ఆ లోడులో పగిలిన పెట్టెలు పదకొండు. ఆ అంకె నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ బిడ్డ ఈ ఇరవై మూడేళ్ళలో ఒక్కసారి కూడా గుర్తురాలేదు. దాచిపెట్టానంటే అది వేరు. నేను దాచలేదు. మరిచిపోయాను.

“హారిక కడుపున పడ్డప్పుడు ఆరో నెల దాకా నీకెందుకు చెప్పలేదనుకున్నావు?” అంది మల్లేశ్వరి.

గుమాస్తా ఇబ్బందిగా కదిలాడు. అది అవసరం లేదమ్మా, తలుపు దాని గురించి అడగలేదు, అనవసరంగా ఇంకో కేసు అవుతుంది అన్నాడు. తలుపు అడగదు నాయనా, అందుకే నేను చెప్తన్నా అంది ఆమె.

మూడు కొట్టేసి నాలుగు చేశాను. కింద ఇంకొక వరస గీసుకున్నాను. ఏమైంది అన్నచోట ‘తీయించాను’ అని రాశాను. ఆడ, మగ అన్నచోట ‘ఆడ’ అని రాశాను. చివరి గడి దగ్గర కలం ఆగిపోయింది. పై వరసలో రుజువు అన్నచోట ప్రయోగశాల నంబరు ఉంది. దీనికి ఏ నంబరూ లేదు. రిపోర్టు లేదు, దీపం లేదు, మా అమ్మ కూడా ఇప్పుడు లేదు. ఆ బిడ్డ ఉందనడానికి లోకంలో ఎక్కడా ఏదీ లేదు.

రుజువు ఏమని రాయను అని అధ్యక్షురాలిని అడిగాను. 

“నా పేరు రాయి,” అంది మల్లేశ్వరి.

రాశాను. ఆమె సంతకం పెట్టి, గుమాస్తా ముద్ర వేసిన ఉత్తర్వు తీసుకుని, తడి ఆరకముందే కొంగులో చుట్టుకుని బయటికి నడిచింది. నేను కూడా లేవబోయాను. మీరు ఉండండి అంది అధ్యక్షురాలు.